మొలక చోళ్ళ (రాగుల) పిండి ఇంటి దగ్గర మొదలెడదామనుకుంటున్నాం: ముందు మర కొనాలా, అమ్మకం చూసుకోవాలా?

రాజాం కోడలు

నమస్కారం అండీ. రాజాం దగ్గర పల్లె మాది. డ్వాక్రా సంఘంలో నలుగురం కలిసి చోళ్ళు మొలక కట్టి, పిండి ఆడించి, అరకిలో ప్యాకెట్లు అమ్ముదామనుకుంటున్నాం. అందరిదీ కలిపి లక్ష రూపాయలుంది. 3 హెచ్‌పీ పిండిమరకి కొటేషన్ తెస్తే అందులో ముప్పావు వంతు దానికే పోయేలా ఉంది. మర లేకుండా మొదలెట్టొచ్చా? మొలక పిండి పులుపు వాసన వస్తుందనీ, నెల తిరక్కుండా ఉండలు కడుతుందనీ భయపెడుతున్నారు. అది దేనివల్ల? ధర ఎలా కట్టాలి, కాగితాలు ఏమేం కావాలి? ఇంట్లో అయితే "కంపెనీల పిండి కొట్లో ఉండగా మీది ఎవరు కొంటారు" అని ఒకటే మాట. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మరపిండి

మొదలెట్టండమ్మా. మర మాత్రం ఇప్పుడొద్దు. ఈ సరుకులో మంచిచెడ్డలు తేలేది మర దగ్గర కాదు, నానబెట్టి ఆరబెట్టే మూడు నాలుగు రోజుల్లో. ఆ పనికి మీ ఇంట్లో ఉన్న గంగాళం, పాత కాటన్ చీరలు, చేటలు, జల్లెడ చాలు. పిండి ఊళ్ళో మరలో కూలికి ఆడించుకోవచ్చు.

చోళ్ళు కొనేటప్పుడు మొలక పరీక్ష చేయండి. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి రెండు రోజులుంచండి. 90 మొలిస్తే మంచి సరుకు. 80 కన్నా తగ్గితే అది మామూలు పిండికే పనికొస్తుంది, మొలకకి కాదు. మొలవని గింజే నీళ్ళలో కుళ్ళి మిగతాదానికి వాసన పట్టిస్తుంది. చోళ్ళు ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలవుంటాయి కాబట్టి వ్యాపారి పాత సరుకు ఇచ్చినా చూపుకి తెలియదు. విత్తనాల కోసం మందు కలిపిన గింజ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. రంగు పూసినట్టుంటే అది తినే సరుకు కాదు.

విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళ రకాలే మన చుట్టుపక్కల ఎక్కువ పండిస్తారు. చంపావతి, వేగావతి, గోస్తని అని మన నదుల పేర్లే పెట్టారు వాటికి. హిమ అని తెల్ల చోడి కూడా ఉంది. దాని పిండి తెల్లగా ఉంటుంది కాబట్టి నల్లటి జావ చూసి మొహం తిప్పుకునే పిల్లలున్న ఇళ్ళలో పోతుంది. ఏ రకమైనా పరవాలేదు గానీ రెండు రకాలు కలిపి నానబెట్టొద్దు. ఒకటి ముందు, ఒకటి వెనక మొలుస్తాయి.

ఇక పని. విడతకి 10 కిలోలు దాటకండి.

ముందు చేటతో చెరిగి, తర్వాత నీళ్ళలో గాలించాలి. చోడి గింజ సన్నం, ఇసుక రేణువూ అంతే ఉంటుంది. అందుకే ఒక్కసారి కడిగితే పోదు. గంగాళం నీళ్ళలో కలియబెట్టి, పైన తేలిన పొట్టు తీసేసి, గింజని చేత్తో కొద్దికొద్దిగా పక్క గిన్నెలోకి వంచుకుంటూ పోవాలి. అడుగున ఇసుక మిగులుతుంది. ఇలా మూడు నాలుగు సార్లు. పంటికింద ఒక్క ఇసుక రేణువు తగిలితే ఆ ఇల్లు మళ్ళీ మీ ప్యాకెట్ కొనదు.

నానడానికి 10–12 గంటలు, ఎండాకాలంలో 8 చాలు. మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. మార్చకపోతే ఆ నీళ్ళే పులుస్తాయి. మీరు విన్న పులుపు వాసనకి సగం కారణం ఇదే. మిగతా సగం, నీళ్ళు వంచేశాక మొలకకి గుడ్డలో కట్టే మూటలో ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు వేడి పుడుతుంది. పదికిలోలూ ఒకే మూట కడితే నడుమ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి జిగురు పడుతుంది. నాలుగు అంగుళాల మందం మించకుండా మూడు నాలుగు మూటలు కట్టి, ఆరు గంటలకోసారి విప్పి, తిరగేసి, నీళ్ళు చిలకరించాలి. ఎండల్లో 24 గంటలకే మొలక వస్తుంది, చలికాలంలో 36 దాకా పడుతుంది. మొలక గింజంత పొడవు, మహా అయితే దానికి రెట్టింపు. అక్కడ ఆపేయాలి. ఇంకా సాగనిస్తే వేళ్ళు పెనవేసుకుపోయి ఆరబెట్టలేరు, పిండి చేదెక్కుతుంది, తూకం కూడా పోతుంది. మూట విప్పితే పచ్చి వాసన రావాలి. పుల్లటి వాసన గానీ, వేళ్ళకి జిగురు గానీ తగిలితే కడిగి వాడేద్దామనుకోకండి, పశువులకి కూడా వేయకుండా పారేయండి.

ఆరబెట్టడానికి రెండు నవారు మంచాలంత జాగా కావాలి. అర అంగుళం లోపు మందంగా పరిచి, పైన పల్చటి వల గుడ్డ కప్పి, గంటకోసారి కలపాలి. మంచి ఎండైతే రెండు రోజులు. ఆరిందో లేదో చేత్తో పట్టి చెప్పలేరు. గింజ కొరికితే టప్పున విరగాలి, నలగకూడదు. ఇంకా గట్టి లెక్క కావాలంటే ఒక పళ్ళెం గింజ తూచి మళ్ళీ ఎండలో పెట్టి గంట తర్వాత తూచండి. తూకం తగ్గిందంటే ఇంకా తడి ఉన్నట్టే. రెండుసార్లు ఒకే తూకం వస్తేనే తీయండి. ఉండలు కట్టడానికీ బూజు పట్టడానికీ మొదటి కారణం ఇక్కడి తొందరే.

ఆరాక గోనెగుడ్డలో వేసి రుద్దితే వేళ్ళు రాలిపోతాయి, చెరిగేయండి. తర్వాత సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే చాలు, రంగు మారకూడదు. మొలకలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైములు పుడతాయి. అందుకే మొలక పిండి జావ పల్చగా, తియ్యగా వస్తుంది. మాడేలా వేయిస్తే అవి చచ్చిపోయి మామూలు చోడి పిండిలా ముద్ద కడుతుంది. అప్పుడిక మొలక కట్టిన శ్రమంతా దండగ.

మర దగ్గర రెండు జాగ్రత్తలు. మీకన్నా ముందు కారం ఆడి ఉంటే మీ సరుకు ఘాటెక్కుతుంది. అందుకే కిలో మామూలు చోళ్ళు ముందు ఆడించి ఆ పిండి పక్కన పెట్టేయండి. రెండోది, మరలోంచి పిండి వేడిగా వస్తుంది. ఆ వేడి మీదే ప్యాకెట్లో పోసి సీలు వేస్తే లోపల చెమ్మ పడుతుంది. ఉండలు కట్టడానికి రెండో కారణం అది. స్టీలు పళ్ళేల్లో పల్చగా పరిచి, పూర్తిగా చల్లారాక జల్లించి నింపండి. జల్లెడ అంచుల్లో పాత పిండి ఉండిపోతే పిండి పురుగు అక్కడినుంచే వస్తుంది. ప్రతి విడతకీ బ్రష్‌తో దులపాలి.

10 కిలోల గింజకి 8 నుంచి 8.5 కిలోల పిండి చేతికొస్తే పని బాగా జరిగినట్టు.

లెక్క పక్కా

పైన చెప్పిన 8 కిలోల మీదే ధర కట్టి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి.

చోళ్ళు 10 కిలోలు, కిలో 45 చొప్పున 450. కట్టెలు లేదా గ్యాసు 40. మరాడింపు 85. 16 కవర్లు, లేబుళ్ళతో కలిపి 9 చొప్పున 144. ఆటో, బస్సు 80. ఇక్కడిదాకా అందరూ రాసుకుంటారు. రాయనిది మీ నలుగురి పని. గాలించడం నుంచి సీలు దాకా కలిపితే ఆరు గంటలకి తక్కువ పట్టదు. గంటకి 60 వేసుకున్నా 360. మొత్తం 1159, అంటే అరకిలో ప్యాకెట్‌కి 72 రూపాయల పైన.

ఇప్పుడు 90కి అమ్మితే? కొట్టువాడు పాతిక శాతం ఉంచుకుంటాడు, మీకు వచ్చేది 67.50. ప్యాకెట్‌కి ఐదు రూపాయలు నష్టం. కానీ కూలి రాసుకోకపోతే అదే 90 లాభంలా కనబడుతుంది, సంఘాల్లో ఆర్నెల్లకి గొడవలొచ్చేది ఇందుకే. 120 పెడితే కొట్టు నుంచి 90 వస్తుంది, 17 రూపాయలు మిగులుతుంది. ఇంటికి నేరుగా ఇస్తే 47 మిగులుతుంది. కాబట్టి మొదటి ఆరు నెలలు నేరుగా అమ్మేది ఎక్కువ, కొట్లకిచ్చేది తక్కువ ఉండేలా చూసుకోండి. ఇంటికి ఇచ్చినా ధర తగ్గించొద్దు. మీరే 95కి ఇస్తున్నారని తెలిస్తే కొట్టువాడు మీ ప్యాకెట్లు వెనక్కి ఇచ్చేస్తాడు.

కంపెనీ పిండితో పోటీ అని మీ ఇంట్లోవాళ్ళు అంటున్నది మామూలు చోడి పిండికైతే నిజమే. దాంట్లో దిగకండి, వాళ్ళ ధరకి మీరు గింజ కూడా కొనలేరు. మొలక పిండి చేతిపని, పోయిన వారం ఆడించింది అన్నదే మీ బలం. ఆడిన తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి.

కొట్లకి ఇచ్చేటప్పుడు ఒక్కో దగ్గర ఆరు ప్యాకెట్లే. డజన్లు దింపితే అవి షెల్ఫు మీదే పాతబడతాయి, వెనక్కి తీసుకోవాల్సింది మీరే. పుస్తకంలో తేదీ, ఇచ్చినవి, అమ్ముడైనవి, తిరిగొచ్చినవి అని నాలుగు గడులు గీసుకుని కొట్టువాడితో సంతకం పెట్టించండి. పదిహేను రోజుల తర్వాత వెళ్ళి, అమ్ముడైనవాటికి డబ్బు తీసుకున్నాకే కొత్తవి పెట్టాలి. బాకీ ఒక విడత దాటనివ్వొద్దు. లక్షలో 30 వేలు సరుకుకీ కవర్లకీ, 10 వేలు తూకం, సీలింగ్ మెషిన్, పళ్ళేలకీ పెట్టి, మిగతాది బ్యాంకులో ఉంచండి. చిన్న వ్యాపారం నష్టం వచ్చి ఆగిపోవడం తక్కువ. డబ్బంతా కొట్లలో చిక్కుకుని, రెండో విడతకి చోళ్ళు కొనడానికి చేతిలో లేక ఆగిపోవడమే ఎక్కువ.

గుర్ల సంత

ఏటమ్మా, కొట్లే కొట్లే అంటన్నారు. సంతని ఒగ్గేయకండి. సంతలో పిండి ప్యాకెట్టు ఊరికే పెడితే ఎవరూ చూడరు. చిన్న స్టవ్వు, గిన్నె పట్టుకెళ్ళి జావ కాసి అరగ్లాసు చొప్పున రుచి చూపించండి. లీటరు నీళ్ళకి 60–70 గ్రాముల పిండి, ముందు చన్నీళ్ళలో కలిపి అప్పుడు మరిగే నీళ్ళలో పోయాలి, లేపోతే ఉండలు కట్టి మీ పిండికే చెడ్డపేరు. అలగే ఒక కుండలో మజ్జిగ కలిపిన చోడంబలి, ఉల్లిపాయ ముక్కతో. ఎండల్లో దానికి తిరుగు లేదు. అంబలి తాగినోళ్ళలో పదిమందికి ఇద్దరు ప్యాకెట్టు అడిగినా మీ రోజు గడిచినట్టే.

విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల కాడ, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ కాడ పొద్దున నడకకొచ్చేవోళ్ళు ఎక్కువ. ఆళ్ళకి పావుకిలో ప్యాకెట్టు పెట్టండి, అరకిలో అంటే వెనకాడతారు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి జనం తెగ వస్తారు గానీ ఆ తిరనాళ్ళలో పిండి మోసుకెళ్ళేవోడు ఉండడు, అక్కడ అంబలే అమ్ముకోవాలి.

ఇంకోటి. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పార్వతీపురం అవతల రాయగడ. పక్కనే కదా అని అక్కడి కొట్లకి సరుకు పంపేయకండి. అది వేరే రాష్ట్రం. సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మన రాష్ట్రంలోపలే సరుకులమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల దాకా ఆ బెడద లేదు.

రాజాం కోడలు

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. వానాకాలంలో, తుపాను రోజుల్లో ఆరబెట్టడం ఎలా? పని ఆపేస్తే కొట్లవాళ్ళు మర్చిపోతారు కదా. కాగితాల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

మరపిండి

ఆకాశం చూసి నానబెట్టండి. నానబెట్టిన దగ్గర్నుంచి మూడు నాలుగు రోజుల పని అది, మధ్యలో ఆపలేరు. వాయుగుండం అన్న మాట వినబడితే ఆ వారం గింజ నీళ్ళలో వేయొద్దు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి ఇది తప్పదు. అందుకే వినాయక చవితి తర్వాత ఎండ కాసిన రోజుల్లో మొలక కట్టి, ఆరబెట్టి, వేళ్ళు తీసేసిన గింజగానే డబ్బాల్లో దాచుకోండి. పిండి కన్నా గింజ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆర్డరును బట్టి పది పది కిలోలు వేయించి ఆడించుకుంటే తుపానులోనూ కొట్టు ఖాళీ కాదు. మరకి ఆ రోజు కరెంటుంటే చాలు.

అమ్మకం నెలకి 80–100 కిలోలు దాటాక మీరు కొనాల్సిన మొదటి మెషిన్ మర కాదు, ట్రే డ్రయ్యరు (పళ్ళేల్లో పరిచిన గింజని వేడిగాలితో ఆరబెట్టేది). 10 కిలోల చోళ్ళు మొలక కట్టాక ఆరేడు కిలోల నీళ్ళు బయటికి పోవాలి. దానికి సుమారు 8–10 యూనిట్ల కరెంటు కాలుతుంది. 55–60 డిగ్రీల్లో ఆరేడు గంటలు. తొందరకి తడిగింజ మీదే 75, 80 పెడితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది, ఎంజైములూ పోతాయి. రాత్రంతా ఫ్యాను కింద పరిచి పైతడి పోయాక డ్రయ్యరులో పెడితే కరెంటు బాగా కలిసొస్తుంది.

మర కొనే రోజు వచ్చినప్పుడు ముందు ఈపీడీసీఎల్ (కరెంటు కంపెనీ) సెక్షన్ ఆఫీసులో ఇంటి కనెక్షన్ మీద నడపొచ్చో లేదో కనుక్కోండి, వ్యాపారానికి కేటగిరీ వేరు. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు సింగిల్ ఫేజ్ మోటారు వేడెక్కి కెపాసిటరూ వైండింగూ కాలిపోతాయి. మర ఆడించేది పొద్దున పూటే పెట్టుకోవాలి.

గంటె (సజ్జ) పిండి కూడా కలిపి అమ్ముదామని రేపో ఎల్లుండో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చోడిలో కొవ్వు నూటికి రెండు లోపే, గంటెల్లో ఐదు దాకా ఉంటుంది. ఆ పిండి రెండు మూడు వారాల్లోనే చేదెక్కుతుంది. దాన్ని ఆర్డరు మీదే ఆడించాలి, కొట్లో పెట్టకూడదు.

కాగితాల పని

మూడే ముఖ్యం, మూడింటికీ ఏజెంటు అక్కర్లేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్లో, పూర్తిగా ఉచితం. అదే పేరుతో డబ్బులడిగే వెబ్‌సైట్లు బోలెడున్నాయి, ప్రభుత్వ పోర్టల్ చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటుంది చూసుకోండి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు ఫోస్కోస్ అనే వాళ్ళ పోర్టల్లో. మీ స్థాయికి రిజిస్ట్రేషన్ చాలు, లైసెన్సు పెద్దవాళ్ళకి. 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. నంబరు రాకముందు అమ్మకం మొదలెట్టొద్దు.

తూనిక యంత్రం లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) ముద్ర ఉన్నదే కొనండి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ముద్ర వేయించాలి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే వంటింటి కాటాలు అమ్మకానికి పనికిరావు.

లేబుల్ మీద వేయాల్సినవి: సరుకు పేరు, వాడిన పదార్థాలు, తయారీదారు పూర్తి చిరునామా, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, పోషక విలువలు, ఆకుపచ్చ శాకాహార గుర్తు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోను నంబరు. చాలామంది మర్చిపోయేది యూనిట్ ధర. 500 గ్రాములు 120 అయితే గ్రాముకి 0.24 రూపాయి అని రాయాలి. మొదట్లోనే వేల లేబుళ్ళు అచ్చు వేయించకండి. ధర, తేదీ, బ్యాచ్ ఖాళీగా ఉంచి రెండొందలు వేయించి, అవి స్టాంపుతో వేసుకోండి.

వేయకూడనివి మరీ ముఖ్యం. "షుగరు తగ్గిస్తుంది" అని రాస్తే చట్టరీత్యా తప్పు, పైగా మొలకలో చక్కెరలు పెరుగుతాయి కాబట్టి అబద్ధం కూడా. పసిపిల్లల బొమ్మ వేయొద్దు, శిశు ఆహారానికి నిబంధనలు పూర్తిగా వేరు, మీ రిజిస్ట్రేషన్‌తో అది అమ్మలేరు. గ్లూటెన్ గోధుమలో ఉండే మాంసకృత్తు, కాబట్టి గోధుమలు ఆడే మరలో ఆడించి "గ్లూటెన్ లేదు" అని వేయొద్దు. కాల్షియం గురించి రాసుకోవచ్చు, మీ పిండి ల్యాబులో పరీక్ష చేయించి వచ్చిన అంకె వేయాలి. ముడి చోడిలో 100 గ్రాములకి 340–360 మిల్లీగ్రాములు అంటారు, మొలక కట్టి వేళ్ళు తీసేశాక మీది కాస్త అటూ ఇటూ ఉంటుంది.

సబ్సిడీ సంగతి. 2020లో వచ్చిన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ కింద చిన్న ఆహార యూనిట్లకి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, మీ వాటా కనీసం 10 శాతం. సంఘం సభ్యులకి తలా 40 వేల దాకా మూలధనం కూడా అందులో పెట్టారు. ఇంకో కేంద్ర పథకం పీఎంఈజీపీలో పల్లెటూళ్ళో మహిళలకి 35 శాతం, సొంత వాటా 5 శాతమే. ఇప్పుడు దరఖాస్తులు ఏవి తీసుకుంటున్నారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లా కాబట్టి విజయనగరం వెళ్ళాలి, శ్రీకాకుళం కాదు. 2022లో జిల్లాలు మారినప్పటినుంచీ ఈ తిరుగుడు చాలామందికి తప్పట్లేదు. సబ్సిడీ చేతికి రాదు. లోను మీద బ్యాంకులోనే ఉండి, మూడేళ్ళు కంతులు సరిగా కడితే అప్పులో జమవుతుంది. మంజూరు కాకముందు మెషిన్ కొనేస్తే ఆ బిల్లు ప్రాజెక్టులో కలపడం కష్టం. సబ్సిడీ వస్తుంది కదా అని మెషిన్ కొనడం వేరు, మెషిన్‌కి పనుండి సబ్సిడీ వాడుకోవడం వేరు.

శిక్షణ కావాలంటే ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో చిరుధాన్యాల తరగతులు ఎప్పుడుంటాయో కనుక్కోండి.

రాజాం కోడలు

అందరికీ దండాలండీ. ఫోస్కోస్ ఈ వారమే మొదలెడతాం. ఒక్క ప్రశ్న మిగిలింది. తెలిసినాయన ఒకరు హాస్టలుకి 100 కిలోలు ఒకేసారి కావాలి, డబ్బు నెలాఖరుకి ఇస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

లెక్క పక్కా

ఒకేసారి అయితే ఒప్పుకోవద్దు. 100 కిలోల పిండికి 125 కిలోల చోళ్ళు కావాలి, అంటే మీకు పన్నెండు పదమూడు విడతలు. తొందరపడి మూటలు పెద్దవి చేస్తే మొదటి ఆర్డరే పులుస్తుంది. వారానికి 25 కిలోల చొప్పున నాలుగు వారాలిస్తామనండి. అది కూడా వారానికి మూడు విడతలు, నలుగురూ వంతులేసుకుంటేనే సాగుతుంది. అరకిలో కవర్ల ఖర్చు ఉండదు కాబట్టి కిలోకి పదిహేను రూపాయల దాకా తగ్గించి చెప్పొచ్చు. మొదటి 25కి ముందే డబ్బు, తర్వాత ప్రతి వారం కిందటి వారం డబ్బు అందాకే సరుకు.

గుర్ల సంత

డబ్బు నెలాఖరుకే అంటే ఐదు కిలోలిచ్చి చూడమ్మా. అయి ఎన్నాళ్ళకి ఇస్తాడో చూసుకుంటే మిగతా తొంభై ఐదు సంగతి తేలిపోద్ది.